సెట్ మొత్తం ఒకేసారి వద్దు

సంపాదకులకు,

జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ అక్కర్లేదని గతవారం మీ వ్యాసంలో రాయడం సరికాదు. సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్ వాడితే ఆ చర్మమూ పొడిబారుతుంది. నూనె లేని పలుచని జెల్ రాసుకోవాల్సిందే. చర్మ సంరక్షణ సెట్ కొనగానే క్లెన్సర్, టోనర్, సీరమ్, క్రీమ్ అన్నీ ఒకేరోజు మొదలుపెట్టమనడం మరీ అన్యాయం. దద్దుర్లు లేస్తే కారణం ఏ సీసాలో ఉందో ఎలా తెలుస్తుంది? ముందు ప్రతిదాన్నీ మోచేతి మడతలో కొన్ని రోజులు రాసి చూడాలి. ఆ తర్వాతే ఒక్కొక్కటిగా, వారం రెండు వారాల ఎడంతో ముఖానికి అలవాటు చేయాలి. సెట్‌లో రెటినాల్ ఉంటే దాన్ని రాత్రిపూటే రాయాలి. గర్భిణులైతే దాని జోలికే వెళ్లకూడదు. ఇంత ముఖ్యమైన మాట వ్యాసంలో లేకపోవడం నన్ను కలవరపెట్టింది. మన ఎండలకు కనీసం ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పనిసరి. చాలా సెట్లలో అదే ఉండదు. వచ్చే సంచికలో చర్మవైద్యుల చేత సవరణ రాయించండి.

– ఒక పాఠకురాలు, విజయవాడ