దయానిధి ఎందుకు మాట్లాడడు?

బుచ్చిబాబు 1946లో రాసిన 'చివరకు మిగిలేది' చదివినవాళ్ళు చాలామంది దయానిధిని "ఏదీ తేల్చుకోలేని పిరికివాడు" అనేస్తారు. నాకలా అనిపించదు. వైద్యం చదివే కుర్రాడు. అమ్మంటే ప్రేమ. ఊరేమో ఆమె నడత గురించి చెవులు కొరుక్కుంటుంది. అమ్మను వదులుకోలేడు, ఊరి నోరు మూయించలేడు. ఇక ఎవరి ప్రేమనైనా ఎలా నమ్ముతాడు చెప్పండి! మా రాయలసీమకొచ్చి డాక్టరుగా బతుకుతున్నా ఆ బరువు దించుకోలేడు.

మా కోయిలకుంట్ల మాత్రం తక్కువా? ఉద్యోగం చేసే తల్లి ఓరోజు చీకటిపడ్డాక బస్సు దిగితే చాలు, అరుగుల మీద గుసగుసలు. అవి ముందు చేరేది టెన్త్ చదివే కొడుక్కే. వాడు సగం అన్నంలో లేచిపోతే "వయసు పొగరు" అంటారు. వాడేం విన్నాడో తల్లికి తెలీదు. అరుగు మీదివాళ్ళకు తెలుసు.