పానశాలలో పగటి వేళ

పబ్బుకు వెళ్ళదలచినవారు మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్ళాలి. రాత్రి తొమ్మిదికి వెళ్ళరాదు. ఇది నా నిశ్చితాభిప్రాయం. మద్యం ముట్టని విశ్రాంత తెలుగు పండితునికి పబ్బుల ఊసు ఏల అని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా చదివి నవ్వండి.

ముందుగా ఆ మాట సంగతి. హైదరాబాదులోనూ, బెంగుళూరులోనూ పబ్బు అనగానే చెవులు చిల్లులు పడే సంగీతం, రంగురంగుల దీపాలు, కుర్రకారు చిందులు స్ఫురిస్తాయి. ఆ మాట పుట్టిన ఇంగ్లండులో అది 'పబ్లిక్ హౌస్' అన్నదానికి పొట్టి పేరు, అక్షరాలా ప్రజాగృహం. దువ్వూరి రామిరెడ్డిగారి 'పానశాల' చదువుకున్న మనకు మధుపాత్రలు గుర్తుకు రావడం సహజమే గానీ, దీనికి సరిపోలినది మన రచ్చబండ. చలిదేశం కనుక ఆ రచ్చబండకు గోడలూ పైకప్పూ అమరాయి, అంతే.

మా అమ్మాయి కాపురం ఇంగ్లండులో. అక్కడికి వెళ్ళినప్పుడల్లా, భోజనాల వేళ హడావిడి సద్దుమణిగాక, వాళ్ళ వీధి చివరనున్న పబ్బులో కూర్చోవడం నాకు అలవాటైంది. అక్కడ మనమే కౌంటరు దగ్గరికి వెళ్ళి, అడిగి, సొమ్ము చెల్లించి, తెచ్చుకోవాలి. టీ అడిగినా చిన్నచూపు చూసేవారు లేరు. ఒక్క కప్పు ముందు పెట్టుకొని గంటసేపు చదువుకున్నా లేవమనేవారు లేరు. ఆ వేళకు వచ్చేది నలుగురైదుగురు: పత్రికలో గళ్ళ నుడికట్టు నింపుకొనే పెద్దాయన, కుక్కను కాళ్ళ దగ్గర పడుకోబెట్టుకున్న వృద్ధురాలు, పని ముగించుకొని వచ్చిన తాపీమేస్త్రి. పలకరిస్తే పలుకుతారు, పలకరించకపోతే తప్పు పట్టరు.

సాయంత్రం ఏడు దాటితే అదే గది పరాయిదవుతుంది. పాట జోరు పెంచుతారు. దాన్ని మించాలని మనుషులు గొంతు పెంచుతారు. నా బోటి వినికిడి తగ్గినవారికి ఎదుటివారి పెదవులు కదలడమే కనిపిస్తుంది.

ఇది ముసలితనపు చాదస్తమనుకునేవారికి జార్జి ఆర్వెల్ పేరు చెబుతాను. 1946లో ఒక లండన్ సాయంకాల పత్రికలో తన కలల పబ్బును వర్ణిస్తూ, అక్కడ రేడియో గానీ పియానో గానీ ఉండదనీ, హాయిగా మాట్లాడుకొనేంత నిశ్శబ్దం ఉంటుందనీ రాశాడు. అటువంటి పబ్బు నిజానికి లేదని వ్యాసాంతంలో తానే చెప్పాడు. అప్పటికి ఆయన వయసు నలభై మూడైనా నిండలేదు!

పగటి పబ్బుకు ఘనమైన చరిత్రే ఉంది. టోల్కీన్, సి.ఎస్. లూయిస్ ప్రభృతులు ఆక్స్‌ఫర్డ్‌లోని 'ఈగిల్ అండ్ చైల్డ్' పబ్బు వెనక గదిలో కలుసుకొన్నది మంగళవారాలు, పగటిపూటే. 1953 ఫిబ్రవరి 28న ఫ్రాన్సిస్ క్రిక్ కేంబ్రిడ్జిలోని 'ఈగిల్' పబ్బుకు వచ్చి, జీవరహస్యం తమకు చిక్కిందని అందరికీ వినబడేలా ప్రకటించాడని జేమ్స్ వాట్సన్ తన పుస్తకంలో రాశాడు. అదీ మధ్యాహ్న భోజన వేళే. ఈనాటి శనివారం రాత్రయితే ఆ మాట పక్కబల్లకైనా వినబడేదా?

అయితే నాకు ప్రియమైన ఆ మూడు గంటల వేళ ఎప్పటినుండో ఉన్నది కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, ఆయుధ కర్మాగారాల కార్మికులు తాగి పని చెడగొడతారన్న భయంతో, అక్కడి ప్రభుత్వం మధ్యాహ్నాలు పబ్బులను మూయించింది. యుద్ధం ముగిసినా కట్టడి తొలగలేదు. ఇంగ్లండు, వేల్సులలో ఆదివారం మినహా తక్కిన రోజుల్లో పగలంతా తెరిచి ఉంచే వీలు 1988లో గానీ రాలేదు. ఆదివారాలకు అది 1995లో వచ్చింది.

అంత ఆలస్యంగా దక్కిన ఆ వేళ మళ్ళీ చేజారుతోంది. పదిమంది లేని గదికీ దీపాలు వెలగాలి, వెచ్చదనం ఉండాలి, పనివారికి జీతం అందాలి. 2022లో కరెంటు, గ్యాసు ధరలు మండిపోయినప్పుడు ఎన్నో పబ్బులు తెరిచే వేళలను కుదించుకున్నాయి. మొదట కోత పడేది జనం లేని వేళలకే కదా! నిజం చెప్పాలంటే నా మధ్యాహ్నపు ప్రశాంతతకు ఖర్చు భరిస్తున్నది నేను విసుక్కునే ఆ రాత్రి జనమే. కనుక నిశ్శబ్దాన్ని ప్రేమించేవారు దాని వెల కొంతైనా చెల్లించాలి. ఒక్క టీతో సరిపెట్టక, వారానికి ఒక పూట భోజనం అక్కడే చేయాలి. తోడుగా మరొకరిని తీసుకువెళ్ళాలి.

ఆ మరొకరు ఎవరో చెబుతాను. బిడ్డల దగ్గర ఆరు నెలలు గడపడానికి మన ఊళ్ళనుండి వెళ్ళిన తల్లిదండ్రులు ఆ దేశంలో ఎందరో ఉన్నారు. కూతురూ అల్లుడూ ఆఫీసుకూ, మనవలు బడికీ వెళితే, ఉదయం ఎనిమిది మొదలు సాయంత్రం దాకా వారికి నాలుగు గోడలే దిక్కు. వీధి చివర వెచ్చని గది ఉన్నా గడప తొక్కరు. "పబ్బుకు వెళ్ళాడట!" అని ఊళ్ళో అనుకుంటారని జంకు. పిల్లలకూ అదే జంకు. ఆ మాటకు మనం తగిలించుకున్న అర్థం వల్ల, మన పెద్దవారికి అక్కరకొచ్చే ప్రజాగృహం తలుపు మనమే మూసేస్తున్నాము.

అక్కడ కాపురమున్న బిడ్డలారా, ఒక్కసారి సెలవురోజు మధ్యాహ్నం మీ నాన్నగారినీ అమ్మగారినీ వెంటబెట్టుకొని వెళ్ళండి. కౌంటరు దగ్గర ఎలా అడగాలో చూపించండి. కిటికీ పక్క బల్ల చూసి కూర్చోబెట్టండి. మరునాటి నుండి వారే వెళ్ళగలరు.