పంక్తిభేదము

ఒకే పంక్తిని కూర్చున్నవారికి వేర్వేరుగ వడ్డించుట దోషమని మన పెద్దలు చెప్పుదురు. పెండ్లిపందిటిలో ఒక విస్తరిలో నేయి తక్కువైనచో వియ్యపువారి నడుమ మాట పట్టింపు వచ్చుట మన మెరుగనిది కాదు. కాని ప్రతిదినము మన యిండ్లలో జరుగు పంక్తిభేదమును గూర్చి మాటాడువారు అరుదు. అచ్చట భేదము కంటికి కానరాదు. ఏలయన, 15 ఏండ్ల ఆడపిల్ల ఆ పంక్తిని కూర్చుండనే కూర్చుండదు. తండ్రియు అన్నదమ్ములును లేచిన పిమ్మట, తల్లితోబాటు గిన్నె అడుగునున్న పప్పును మిగిలిన కూరను అన్నమునకు సరిపెట్టుకొనును. అన్ని యిండ్లును ఇట్లే యున్నవని మే మనము. అయినను 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేను చూడుడు. దేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మంది రక్తహీనులు. అదే యీడు బాలురలో 31 మంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో నిర్ణయించిన లెక్క ప్రకారము 16 మొదలు 18 ఏండ్ల బాలికకు దినమునకు 32 మిల్లీగ్రాముల ఇనుము వలయును. ఆమె తండ్రికి 19 చాలును. అనగా, ఎక్కువ కావలసినవారికి మిగిలినది పెట్టుచున్నాము! అందరికి సమముగ వడ్డించినను ఇచ్చట న్యాయము జరుగదు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు సమభాగ మిచ్చుచు ఆంధ్రప్రదేశమున 1986లోనే చట్టమైనది. 2005లో దేశమంతటికి వచ్చినది. న్యాయస్థానములలో ఆ భాగము కొరకు వాదించు మావంటివారు ఇంటికి పోయి, కంచములోని భాగమును ఎన్నడైన విచారించితిమా?

కొడుకు కంచము సరిగనున్నదని తలపరాదు. కొండవలె అన్నము, పైన గరిటెడు పలుచని పప్పు, ఆవకాయ ముక్క, తుదకు మజ్జిగ. కడుపు నిండును, ఒడలు నిండదు. 1920ల దశకమున కూనూరులో మెక్‌కారిసన్ అను వైద్యుడు దేశములోని పలుప్రాంతముల భోజనములను ఎలుకలకు పెట్టి చూచెను. గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరలు గల సిక్కుల తిండి తిన్నవి పుష్టిగ పెరిగెను. బియ్యమే ప్రధానమైన మదరాసు తిండి తిన్నవి అన్నిటికంటె వెనుకబడెను. కోస్తా, రాయలసీమలు ఆనాడు మదరాసు రాజధానిలోనివే గదా. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలి, నేటి పోషకాహార సంస్థ అయినది. వారు 2024లో ప్రకటించిన నమూనాభోజనములో రెండువేల కెలోరీలకు ధాన్యము 250 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పప్పుదినుసులు 85, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు. ఎదుగు పిల్లవానికి మొత్తము పెరుగవచ్చును గాని, ఈ నమూనాలో ధాన్యముకంటె కూరలే యెక్కువ. మన కంచము దీనికి తలక్రిందులు.

కూరలు, గ్రుడ్లు ప్రియమని గృహస్థులందురు. నిజమే. కాని పది రూపాయల చిప్స్ పొట్లము కొన్నప్పుడు ఆ లెక్క ఎవరికిని జ్ఞప్తికి రాదు. తోటకూర, మునగాకు, సజ్జలు, నువ్వులు మన ఊళ్లలో దొరకనివి కావు. మాంసము తినువారికి కార్జము కలదు. పప్పులో నిమ్మరసము పిండినను, భోజనానంతరము జామపండు తినినను శాకములలోని ఇనుము బాగుగ ఒంటబట్టును. అన్నముతో టీ త్రాగినచో ఆ మేలు చెడును, గంటసేపు ఆగవలెను.

పాఠశాలలలో వారమున కొకసారి యిచ్చు నీలిమాత్రలో ఇనుముతోబాటు ఫోలిక్ ఆమ్ల మున్నది. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యవమున అమెరికాలో 1945లో తయారైనది అదియే. కడుపునొప్పి యని పిల్లలు ఆ మాత్రను పారవేయుచున్నచో, భోజనమైన పిదప మ్రింగుమని తల్లిదండ్రులు చెప్పవలెను. ఆంధ్రప్రదేశమున 2025 జనవరి మొదలు ప్రభుత్వ జూనియర్ కళాశాలలలోను మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. మేలైన పని. అయితే రాత్రి భోజనమును, ఆదివారమును ప్రభుత్వము వచ్చి వడ్డింపదు.

ఈ రాత్రి గిన్నెలను నడుమ పెట్టుకొని తల్లియు కూతురును మీతోబాటే కూర్చుండునట్లు చేయుడు. పప్పుగరిటె మొదట ఆ పిల్ల కంచము వైపు పోనిండు.