మిషన్ ఒప్పుకోలేదట

మా ఫ్లాట్లో వంట చేసే అక్క ఎల్లారెడ్డిగూడ నుంచి వస్తుంది. శ్రీనగర్ కాలనీలో మా నలుగురు బ్రహ్మచారుల కొంపతో కలిపి మూడిళ్ళు చేస్తుంది. పోయిన నెల ఒకరోజు బాగా ఆలస్యంగా వచ్చింది. ఏంటక్కా అంటే "బియ్యానికి పోయిన తమ్మీ, మిషన్ ఒప్పుకుంటలేదు" అంది. వేలిముద్ర పడలేదన్నమాట. అంట్లు తోమీ తోమీ వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. షాపతనికి ఈవిడ పదేళ్ళుగా తెలుసు, పేరు పెట్టి పిలుస్తాడు. అయినా సరే, "నేనేం చేస్తనమ్మా, మిషన్ ఒప్పుకోవాలె కద" అన్నాడట.

"నువ్వు కంప్యూటర్లనే పనిచేస్తవ్ కద, గది ఎట్ల ఒప్పుకుంటది?" అని నన్నడిగింది.

వేలిముద్ర ఎలా పోలుస్తారో చెప్పగలను. కానీ ఆవిడ అడిగింది అది కాదు. ఎదురుగా ఉన్న మనిషిని గుర్తుపట్టిన ఇంకో మనిషి, తన కళ్ళని పక్కనపెట్టి అరచేతంత పెట్టెని ఎందుకు అడుగుతున్నాడు అని. దీనికి నా దగ్గర సమాధానం లేదు, దోసె తిని ఆఫీసుకి పోయాను.

ఆ శనివారం ఇదే విషయం మీద మా రూమ్మేటుకీ నాకూ పెద్ద వాదన. వాడి మాట మీకూ తెలిసిందే. సైన్సు కత్తి లాంటిది, దాంతో కూరగాయలూ తరగొచ్చు, పీకలూ కోయొచ్చు, తప్పు కత్తిది కాదు. స్కూల్లో వ్యాసరచన పోటీల నుంచీ ఇదే కత్తి! ఎవరో ఒకరు దీన్ని తీయగానే అందరూ తలూపడం, చర్చ ముగియడం. నాకు ఈ కత్తి మీద ఒకటే అభ్యంతరం. కత్తి ఎవరి చేతిలో ఉందో కనిపిస్తుంది. మనం రాసే కోడులో ఆ చెయ్యి కనిపించదు. ఇంకా చెప్పాలంటే, ఎక్కడ కోయాలో ముందే నిర్ణయించి మరీ డెలివరీ ఇస్తాం.

ఉదాహరణకి ఎక్కడికో పోనక్కర్లేదు. పంజాగుట్ట చౌరస్తా దాటితే ఎర్రమంజిల్, అక్కడే పౌరసరఫరాల భవన్. 2014 నుంచి 2019 దాకా తెలంగాణలో 18 లక్షల పైచిలుకు ఆహారభద్రత కార్డులు రద్దయ్యాయి. కొత్తగా పెట్టుకున్న దరఖాస్తులు ఇంకో లక్షా 42 వేలు తిరస్కరించారు. అనర్హుల్ని పట్టుకోవడానికి వాడిన సరుకు పేరు సమగ్ర వేదిక. వాహనాలూ, ఆస్తులూ, ఇంకా రకరకాల శాఖల డేటాబేసుల్ని కలిపి, ఈ రికార్డులో మనిషీ ఆ రికార్డులో మనిషీ ఒకరేనా అని తేల్చే వ్యవస్థ. మన భాషలో ఎంటిటీ రిజల్యూషన్. దాని వెనకున్న అసలు సాఫ్ట్‌వేర్ కూడా హైదరాబాదు కంపెనీదే. అంటే మనలాంటివాళ్ళే రాశారు.

ఈ పని నేనూ చేశాను కాబట్టి కొంచెం లోపలి సంగతి చెప్తాను. ఒక క్లయింటు కోసం కస్టమర్ల జాబితాలో డూప్లికేట్లు ఏరే ప్రాజెక్టు. పేరుకి పేరు అచ్చంగా కలవదు కదా, అందుకని పోలిక ఎంత దగ్గరగా ఉందో ఒక అంకె లెక్కేస్తాం. అది ఫలానా హద్దు దాటితే ఇద్దరూ ఒకరే. ఆ హద్దు 0.85 అని పెట్టింది నేనే. ఎందుకు 0.85? 0.9 పెడితే తక్కువ దొరుకుతున్నాయి, 0.8 పెడితే చెత్త వస్తోంది, అప్పటికే శుక్రవారం సాయంత్రం ఆరయింది. అంతకుమించి శాస్త్రం ఏమీ లేదక్కడ. నా తప్పు వల్ల ఎవరికో రెండు ఉత్తరాలకి బదులు ఒకటే వెళ్ళుంటుంది. సరే.

ఇదే పని మన పేర్లతో చేసి చూడండి. అమీర్‌పేట కోచింగుల్లో పోలికల కోసం నేర్పే సౌండెక్స్ ఎప్పటిదో తెలుసా? 1918లో అమెరికాలో పేటెంటు తీసుకున్న పద్ధతి. వాళ్ళ ఇంటిపేర్ల కోసం చేసుకున్నది. లక్ష్మిని ఇంగ్లీషులో కెఎస్‌హెచ్‌తో రాసినా ఎక్స్‌తో రాసినా ఎల్250 అని ఒకే కోడు ఇస్తుంది, భేష్. కానీ సీత, సుధ, సత్య, సయ్యద్, నలుగురికీ ఎస్300 అనే ఇస్తుంది! కొత్త పద్ధతులు దీనికంటే తెలివైనవే, కాదనను. అయినా ఇంటిపేరు ముందొకచోట, వెనకొకచోట. ఒక కాగితంలో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తిగా. షేక్ అన్నదాన్ని ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కలేదు. ఇక అడ్రసులంటారా, "రామాలయం వెనక సందు, నీళ్ళట్యాంకు ఎదురుగా". పైగా ఏడాదికోసారి ఇల్లు మారేది ఎవరు? అద్దెకుండేవాళ్ళు, పేదవాళ్ళు. వాళ్ళ డేటాయే అందరికంటే గజిబిజిగా ఉంటుంది, వాళ్ళ మీదే ఈ ప్రయోగం. చివరికేమైంది? రిక్షా తొక్కే ఒకాయనకి కారుందని తేలింది, కొంచెం పేరు కలిసిన ఇంకెవరో కారున్నాయన పుణ్యమా అని.

2022 ఏప్రిల్లో సుప్రీంకోర్టు, రద్దయిన కార్డుల్ని మళ్ళీ క్షేత్రస్థాయిలో తనిఖీ చేయమంది. జులై నాటికి చూసిన 2,05,734 అర్జీల్లో 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. ఏడున్నర శాతం. మావాడు వెంటనే "అంటే 92.5 శాతం కరెక్టేగా" అన్నాడు. ఒరే నాయనా, ప్రొడక్షన్లో వంద ఆర్డర్లకి ఏడు తప్పు పోతే మన మేనేజరు నిద్రపోతాడా? ఆ రాత్రే రోల్‌బ్యాక్. ఇక్కడ రోల్‌బ్యాక్‌కి సుప్రీంకోర్టు దాకా పోవాల్సొచ్చింది. అదీ అర్జీ పెట్టుకోగలిగినవాళ్ళ సంగతి.

దొంగకార్డులు లేవని నేనట్లేదు. కార్లున్నవాళ్ళు రేషన్ బియ్యం తీసుకుని దోసెలపిండికి వాడటం నేనూ చూశాను. అనుమానించడానికి సాఫ్ట్‌వేర్ వాడండి, వద్దనేవాడెవడు. కానీ అనుమానానికీ తీర్పుకీ మధ్య ఒక మనిషి గడప దాకా వెళ్ళి తలుపు కొట్టాలి. కార్డు తీసేముందు కాగితం ఇవ్వాలి. ఈ కార్డుల్ని ముందస్తు నోటీసు లేకుండానే తీసేశారు. కారు లేదని నిరూపించే భారం రిక్షా ఆయన మీద పడింది. లేని కారుకి ఏ కాగితం తెస్తాడండీ?

బ్రిటన్లో ఇదే కథ ఇంకా దారుణంగా నడిచింది. హొరైజన్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లెక్కలు తప్పు చూపిస్తే, 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా పోస్టాఫీసులు నడిపేవాళ్ళకి దొంగలని శిక్షలు పడ్డాయి. కంప్యూటరు సరిగానే పనిచేస్తుందని అక్కడి చట్టం ముందే అనుకుంటుంది, కాదని చూపించాల్సింది ముద్దాయే. ఆ శిక్షల్ని మూకుమ్మడిగా కొట్టేయడానికి 2024లో ప్రత్యేకంగా చట్టం తేవాల్సొచ్చింది. కోడు రాసిన మనకి మాత్రం తెలుసు, ప్రతి రిలీజులోనూ తెలిసిన బగ్గుల జాబితా ఒకటి ఉంటుందని. ఆ జాబితా కోర్టుకీ, రేషన్ షాపుకీ చేరదు, అంతే.

"అది పాలసీ, మన చేతిలో ఏముంది" అంటాడు మావాడు. ఉంది. హద్దుకి దగ్గరగా వచ్చిన రికార్డుల్ని విడిగా ఒక క్యూలో పెట్టి మనిషి చూసేలా డిజైన్ చేయడం మన చేతిలో పని. ఎంత శాతం తప్పుతుందో డాక్యుమెంట్లో మొదటి పేజీలో రాయడం మన చేతిలో పని. ఎందుకు రద్దయిందో సామాన్యుడికి అర్థమయ్యే ఒక్క వాక్యం తెర మీద చూపించడం అరపూట పని. ఇవేవీ ఎవరూ అడగలేదు కాబట్టి మనం చేయం. రిక్వైర్మెంట్లో లేదు కదా!

నా 0.85 ఇంకా అలాగే నడుస్తోంది. ఆ మాడ్యూల్ని ఇప్పుడు క్లయింటు ఇంకో పనికి కూడా వాడతారట, అప్పులకి అర్హులెవరో చూడటానికి. సోమవారం మీటింగులో మనిషి చూసే క్యూ పెడదామన్నాను. ఎఫర్ట్ ఎంత అని అడిగారు. మూడు వారాలన్నాను. ఈ రిలీజుకి కష్టమన్నారు. మెయిల్లో కూడా రాసి పెట్టాను, ఇంతవరకూ జవాబు లేదు.

అక్కకి నాలుగోసారి వెళ్తే కంటిపాపతో పనైందట. "ఇయ్యాల ఒప్పుకుంది తమ్మీ" అని చెప్పింది.