పాత్ర మనది, పద్దు ఎవరిది?

ఈ మధ్య మన తెలుగు కుటుంబాల పిల్లలు, ముఖ్యంగా బెంగుళూరు, హోసూరు కాలేజీల్లో చదువుతూ శనాదివారాలకు ధర్మపురి వచ్చేవాళ్లు, ఒక కొత్త ఆట ఆడుతున్నారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరించి, ఆ పాత్ర నోటితో మాట్లాడుతూ, తేలని చోట పాచికలు వేసి ఫలితం తేల్చుకుంటారు. వీటిలో పేరుమోసినది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు వెలువరించిన ఆట. ద్రౌపదమ్మ తిరునాళ్లలో తెల్లవార్లూ భారతం కూత్తు చూసి పెరిగినవాళ్లకు దీన్ని విప్పి చెప్పనక్కర్లేదు. వేషం ఉంది, పాచిక ఉంది, ఒక రాత్రికి తెగని కథ ఉంది. కిరీటాలు, భుజకీర్తులు మాత్రం లేవు.

వివాదమంతా పాత్రను తయారుచేసుకోవడం దగ్గర వస్తున్నది. వెనక కాగితం మీద పెన్సిలుతో రాసుకునేవారు. ఇప్పుడు ఆ పనికి ఇంటర్నెట్‌లో సాధనాలు వచ్చాయి. ఏది ఎంచుకోవాలని పిల్లలు అడిగితే తెలిసినవాళ్లందరిదీ ఒకటే పాట: “ఎక్కువమంది వాడేది తీసుకో. ఉచితంగా మొదలుపెట్టొచ్చు. పది నిమిషాల్లో అయిపోతుంది.” మూడు మాటలూ నిజమే. కాని “అందరూ వేశారు కదా అని మేమూ వేశామండీ” అంటూ మూతపడ్డ ఫైనాన్సు కంపెనీల రసీదులు పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డవాళ్లను నేను చాలామందిని చూశాను. పదిమందీ చేశారన్నది హామీ పత్రం కాదు.

నేను చెప్పదలచింది ఇది. పాత్ర పత్రం ఏ భాషలో ఉంటే ఆట ఆ భాషలో నడుస్తుంది. ఆ పత్రం ఎవరి పెట్టెలో ఉంటే పాత్ర వాళ్ల దయ మీద బతుకుతుంది. పరాయి రాష్ట్రంలో తెలుగు నిలుపుకోవాలనుకునే మనం ఈ రెండూ చూడకుండా సౌకర్యం ఒక్కటే చూసి సాధనాన్ని ఎంచుకోవడం తెలివైన పని కాదు.

ముందు సౌకర్యం సంగతే తేలుద్దాం. ఈ సాధనం మనకు తప్పించే లెక్క ఎంత? పాత్రకు ఆరు గుణాలు. వాటికి పంచుకోవడానికి ఆటలో ఇచ్చిన మామూలు అంకెలు 15, 14, 13, 12, 10, 8. ఒక్కొక్క అంకె నుంచి 10 తీసివేసి, సగం చేసి, భిన్నం వస్తే కిందికి దించాలి. 15కు 2 కూడిక, 8కి 1 తీసివేత. అయిదో తరగతి పిల్లవాడి లెక్క! స్థాయి పెరిగి మంత్రాల జాబితా కొండవీటి చేంతాడంత అయినప్పుడు సాధనం అక్కరకు వస్తుంది, కాదనను. కాని మొదటి పాత్రకే దాన్ని చేతిలో పెడితే పిల్లవాడికి ఆ 2 ఎక్కడినుంచి వచ్చిందో ఎన్నటికీ తెలియదు.

ఇది మా వృత్తిలో చూసిన తమాషానే. 2010 ఏప్రిల్‌కు ముందు సేవింగ్సు ఖాతాకు వడ్డీ కట్టేటప్పుడు నెలలో పదో తేదీ మొదలు ఆఖరు తేదీ దాకా ఉన్న కనిష్ఠ నిల్వనే లెక్కలోకి తీసుకునేవాళ్లం. చేత్తో లెడ్జరు రాసిన గుమాస్తా ఆ సంగతి రైతుకు విడమరచి చెప్పి, పదో తేదీకి ముందే డబ్బు కట్టమని సలహా ఇచ్చేవాడు. కంప్యూటరు ముందే పుట్టి పెరిగిన గుమాస్తాను అడిగి చూడండి: “సిస్టమ్ అలా చూపిస్తోందండి” అంటాడు. ఆటలో కూడా ఆ జవాబే వినబడటం మొదలైంది. “నీకు మూడెందుకు కలుస్తుంది?” అంటే “అది అలా చూపిస్తోంది” అంటారు. ఇల్లు అలకగానే పండగ కాదు, పత్రం నిండగానే పాత్ర పుట్టదు.

ఇక పద్దు ఎవరి చేతిలో ఉన్నదో చూద్దాం. అందరూ సిఫారసు చేసే సాధనం ‘డి అండ్ డి బియాండ్’. 2017లో మొదలైనప్పుడు అది కర్స్ అనే సంస్థది. 2018 చివర ఫ్యాండమ్ చేతికి వచ్చింది. 2022లో హాస్‌బ్రో కంపెనీ దాన్ని 14.63 కోట్ల డాలర్లకు కొన్నది. అయిదేళ్లలో మూడు చేతులు! దాంతోపాటు అందులో పాత్రలు రాసుకున్నవాళ్ల పద్దులూ చేతులు మారాయి. 2024లో ఆట పుస్తకం కొత్త కూర్పు వస్తున్నదని, పాత పాత్రల పత్రాల్లోని మంత్రాలు, మాయా వస్తువుల వివరాలు కొత్తవాటికి మార్చేస్తామని ప్రకటించారు. ఆటగాళ్లు గోల చేస్తే కొద్ది రోజుల్లో వెనక్కి తగ్గారు. తగ్గారు కాబట్టి సరిపోయింది. తగ్గకపోతే? నిన్నటి దాకా ఒకలా పనిచేసిన మంత్రం పొద్దున లేచేసరికి మరోలా ఉండేది. ఖాతాదారుడు సంతకం పెట్టకుండా ఖాతా నిబంధనలు మారిస్తే మనం ఊరుకుంటామా?

ఇంకా వెనక్కి వెళ్తే, అదే ఆట నాలుగో కూర్పుకు ఒక సాధనం ఉండేది. మొదట ఇంట్లో కంప్యూటరు మీదే నడిచేది. 2010లో దాన్ని ఇంటర్నెట్‌లోకి మార్చారు. 2020తో దాన్ని మూసేశారు. కాగితం మీద రాసుకున్నవాడి పాత్ర ఇప్పటికీ బీరువాలో ఉంది.

“పీడీఎఫ్ దించుకోవచ్చు కదా!” అంటారు. నిజమే, దించుకోవచ్చు. కాని అది స్టేట్‌మెంటు. స్టేట్‌మెంటు ఇచ్చినంత మాత్రాన ఖాతా బదిలీ అయినట్లు కాదు. ఆ కాగితాన్ని ఇంకో సాధనంలో పెట్టి ఆట సాగించడం కుదరదు. మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవాలి.

ఈ బాధ పత్రికలు నడిపే మనకు కొత్తదా? అను ఫాంట్లలో కంపోజు చేసుకున్న పాత సంచికలు వేరే కంప్యూటరులో తెరిస్తే ఏమవుతున్నాయి? పిచ్చి గీతలు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కాని ఆనాడు సులువుగా దొరికిన దానితో పని కానిచ్చుకున్నాం. ఇవాళ ఒక్కొక్క వ్యాసాన్నీ మళ్లీ టైపు చేస్తున్నాం. మన ధర్మపురి మ్యూజియంలో వీరగల్లులు చూడండి. పోట్లాటలో పడిపోయినవాడి బొమ్మ చెక్కి, కొన్నిటి మీద రాజు ఏలుబడి ఎన్నో ఏడో, వీరుడి పేరేమో, ఎవరి పశువుల కోసం పోరాడి పడ్డాడో వట్టెళుత్తు లిపిలో రాశారు. వెయ్యేళ్ల నాటి పాత్ర పత్రాలవి. అవి తమిళుల శాసనాలు, మనకెందుకు అనకండి. తమ వీరుణ్ణి తమ అక్షరాల్లో, తమ రాతి మీద రాసుకున్నారు కాబట్టే నేటికీ చదవగలుగుతున్నారు.

అసలు విషయం భాష. పేరున్న సాధనాలు తెరిచి చూశాను. మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఇంగ్లీషే. కొన్నిటిలో ఫ్రెంచి, జర్మన్ ఉన్నాయి. తెలుగు నాకు కనబడలేదు. ‘ఆటే కదా’ అనేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. ఈ ఊళ్లో మన పిల్లలు తెలుగు ఎక్కడ మాట్లాడుతున్నారు? బడిలో తమిళం. ఈ నేల మీద బతుకుతున్నందుకు అది నేర్వడం మన ధర్మమే. ఉద్యోగంలో ఇంగ్లీషు. తెలుగుకు మిగిలింది వంటిల్లు. “అన్నం తిన్నావా, ఎప్పుడొస్తావు” దాటి నోట మాట రావడం లేదు. బెదిరించడం, బతిమాలడం, బేరమాడటం, శపథం చేయడం, అబద్ధమాడి దొరికిపోవడం, ఇవన్నీ తెలుగులో చేసే సందర్భమే లేదు. అలాంటిది మూడు నాలుగు గంటలు ఎడతెగకుండా అవే చేయించే ఆట ఒకటి ఇంటికి వచ్చింది. దాన్ని ఇంగ్లీషు ఫారంతో మొదలుపెట్టి, ఆ అవకాశం కూడా పోగొట్టుకుందామా?

మా మేనల్లుడి జట్టులో అయిదుగురూ తెలుగింటి పిల్లలే. వెబ్‌సైటులో పాత్రలు చేసుకున్నన్నాళ్లూ వాళ్ల నోట ఇంగ్లీషే. తెర మీద ఉన్న మాటే నోటికి వస్తుంది, తప్పు వాళ్లది కాదు. ఒకనాడు లెడ్జరు కాగితం మీద గళ్లు గీసి ఇచ్చాను. సత్తువ, చురుకు, గట్టిదనం, తెలివి, ఇంగితం, వర్చస్సు అని ఆరు గుణాలు. దెబ్బలు తట్టుకునే లెక్కకు ‘ఊపిరి’. ఆపద తప్పించుకునే పాచికకు ‘గండం’. వెనకటి వృత్తి అన్న గడి ఖాళీగా వదిలేశాను. 2024 పుస్తకంలో రైతు, వర్తకుడు, నావికుడు వంటివి 16 ఉన్నాయి. జాబితాలో లేనిది చేర్చుకునే వీలు సాధనాల్లో ఉండకపోదు. కాని పిల్లవాడి కన్ను పడేది జాబితా మీదే. ఖాళీ గడిలో మా పిల్లలు రాసినవి: పగటివేషగాడు, తోలుబొమ్మలాటవాడి కూతురు, కరణం, మామిడి తోట కాపలాదారు. ఆ పూట దొంగ పాత్ర వేసిన అమ్మాయి కోట కావలివాడితో వాళ్ల నాయనమ్మ సంతలో బేరమాడే తెలుగులో బేరమాడింది. ఆ మాటలు తనకు వచ్చని ఆ పిల్లకే అంతవరకు తెలియదు.

“తెలుగులో పదాలెక్కడున్నాయి?” అనే పండితులకు పైన రాసిన ఎనిమిది పదాలే నా జవాబు. ఇంతకన్నా మంచివి మీ దగ్గరుంటే పంపండి, సంతోషిస్తాం. “ఇది విదేశీ వ్యామోహం” అనేవారితో ఒక మాట. క్రికెట్టు ఏ ఊరిది? పిల్లలు మానరు. మనం కలిస్తే తెలుగులో ఆడతారు, కలవకపోతే ఇంగ్లీషులో ఆడతారు.

“అనువదిస్తే కంపెనీ కేసు పెట్టదా?” అన్నది మూడో భయం. 2023 జనవరిలో ఆ ఆట లైసెన్సును బిగించబోతున్నారని బయటపడి, ఆటగాళ్లు పెద్దయెత్తున తిరగబడ్డారు. చందాలు రద్దు చేసుకున్నారు. ఆ నెల 27న కంపెనీ దిగివచ్చి, మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. 400 పుటల పైచిలుకు పత్రం అది. మూలం ఎవరిదో చెప్తే చాలు, ఎవరైనా అనువదించవచ్చు, అచ్చు వేయవచ్చు, అమ్మవచ్చు. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోలేరు. పుస్తకాలన్నిటికీ ఇది వర్తించదు, ఆ పత్రానికి మాత్రమే. మొదలుపెట్టడానికి అది చాలు. ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ రూపాలు కంపెనీయే ఇచ్చింది. తెలుగు రూపం వాళ్లు ఇవ్వరు. మనం చేసుకోవాలి.

సాధనమే వద్దని నేననడం లేదు. అప్పు ఇచ్చే ముందు మేము అడిగినట్లు నాలుగు ప్రశ్నలు అడగమంటున్నాను. ఒకటి, పాత్రను ఇంకోచోట తెరుచుకునే రూపంలో బయటికి తీసుకుపోనిస్తుందా? రెండు, నెట్ లేకపోయినా, కంపెనీ మూతపడినా తెరుచుకుంటుందా? మూడు, పేరు గడిలో ‘జ్యోత్స్న’ అని తెలుగులో కొట్టి ప్రింటు తీస్తే ఒత్తులు చెదరకుండా వస్తాయా? నాలుగు, ప్రతి అంకె ఎక్కడినుంచి వచ్చిందో చూపిస్తుందా? వీటితో తూచి చూస్తే ‘ఫౌండ్రీ’ వంటివి మెరుగు. ఆట నడిపేవాడు ఒకసారి కొంటే చాలు. మన కంప్యూటరు మీదే నడుస్తుంది. పాత్రను ఫైలుగా దించుకోవచ్చు. దాన్ని అమర్చడానికి కొంచెం తెలిసినవాళ్లు కావాలి, అంతే. ‘పీసీజెన్’ పాతబడిన ముఖమే గాని ఎవరైనా విప్పి చూసి మార్చుకోగల ఉచిత సాఫ్టువేరు. అన్నిటికన్నా చవకది కాగితం.

కాబట్టి మిత్రులారా, మొదటి పాత్ర కాగితం మీద, తెలుగులో. అది చేతికి వచ్చాక, ఆ కాగితం చెప్పినట్లు వినే సాధనం. ఈ వరుస తలకిందులు కానివ్వవద్దు. ఒక పుటలో పట్టే తెలుగు పాత్ర పత్రాన్ని ఈ పత్రిక మధ్య పేజీలో అచ్చువేస్తే, పిల్లలు చింపుకుని వాడుకుంటారు. సంపాదకులు చోటిస్తే గళ్లు గీసే పని నాది. పదాలు తూచి ఇచ్చే పని మీది.