సగటు లెక్కల్లో కానరాని మన్యం

జి.మాడుగుల: ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు ఎన్ని రోజుల్లో చేరుతుందో దుకాణాలు సగటు కట్టి చెబుతుంటాయి. ఆ లెక్కలో మన్యం మరుగున పడుతోంది. ఉదాహరణకు పది పార్సిళ్లలో తొమ్మిది మైదాన ప్రాంతానికి 2 రోజుల్లో, ఒకటి కొండపైకి 12 రోజుల్లో చేరితే సగటు 3 రోజులే. జాప్యం ఘాట్‌రోడ్డులోనా, జిల్లా కేంద్రం పాడేరు దాటాక చివరి మజిలీలోనా అన్నది తేలాలంటే పిన్‌కోడ్ వారీగా, దశల వారీగా సమయం నమోదు చేయాలి. సిగ్నల్ లేక ఫోన్ కలవని కారణంగా పార్సిల్ వెనక్కి వెళితే ఆ రోజులూ లెక్కకెక్కాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915ను సైతం ఆశ్రయించవచ్చు. అదను దాటి వచ్చిన విత్తనానికి సగటు లెక్క సమాధానం చెప్పలేదు.