ఈసారి బండే సర్దుకోవాలి

“పొట్టిదానివి, నీకెందుకే ఆ ఏనుగంత బండి? హాయిగా ఓ స్కూటీ కొనుక్కోక!”

మా అక్క కూతురు తన జీతంతో అడ్వెంచర్ బైకు కొన్న రోజున ఇంటిల్లిపాదీ అన్న మాట ఇది. అబద్ధమెందుకు, నేనూ అన్నాను. దాని ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. బండి సీటు నేలనుంచి 33 అంగుళాలు. ఎక్కి కూర్చుంటే మునివేళ్ళు మాత్రమే నేలకి ఆనేవి. నెల తిరక్కుండానే సింహాచలం కొండ దారిలో ముందు కారు ఆగితే, ఇదీ ఆగి కాలు దించబోయింది. నేల అందలేదు. బండి ఒరిగిపోయింది. మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది, నయం. “అమ్మేయ్” అన్నారంతా.

“అమ్మను పిన్నీ, ఎత్తు తగ్గిస్తాను” అంది.

ఈ బళ్ళు రాళ్ళూ గుంటలూ దాటడానికి చేసినవి. చక్రం పైకీ కిందకీ బాగా కదలాలి, ఇంజనుకి రాయి తగలకూడదు. అందుకే అంత ఎత్తు. 2016లో వచ్చిన హిమాలయన్ సీటు 800 మిల్లీమీటర్లు, 2023లో వచ్చిన హిమాలయన్ 450ది 825. పొట్టి మగవాళ్ళకే కష్టమైతే, ఇక మన సంగతి చెప్పాలా?

మొదటి మెకానిక్ దీంతో ఒక్క మాటా మాట్లాడలేదు. అన్నీ పక్కనున్న తమ్ముడితోనే! వెనక షాక్ అబ్సార్బర్‌ దగ్గర లింకు తీసి, బయట దొరికే కొలత మారిన లింకు బిగించి పంపేశాడు. సీటు అంగుళం దిగింది కానీ ముందుభాగం ఎత్తుగానే ఉండిపోయి హ్యాండిల్ మొండికేసింది. సైడ్ స్టాండ్ పాత పొడవే కావడంతో బండి నిటారుగా నిలబడేది. వీధిలో పిల్లాడు సరదాగా చెయ్యేస్తే అవతలివైపుకి పడిపోయింది. అటువైపు ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. సగం పని ఎంత ప్రమాదమో ఆ రోజు తెలిసింది.

రెండో ఆయన “బూట్లతో కూర్చో అమ్మా” అని టేపు తీశాడు. ముందు ఫోర్కులని క్లాంపుల్లో పైకి జరిపాడు. స్ప్రింగులు పూర్తిగా అణిగినా చక్రం పైన ఎక్కడా తగలదని చూశాకే బిగించాడు. స్టాండు కోసి వెల్డింగ్ చేశాడు, చైను బిగువు సరిచేశాడు. చివర్లో వెనక స్ప్రింగు బిగింపు! చక్రం 200 మిల్లీమీటర్లు కదిలే బండైతే, మనిషి కూర్చున్నాక సుమారు 60 దిగాలిట. దీని బరువుకి తగ్గట్టు తిప్పుతూ కొలిచాడు.

ఇది ఊరికే వచ్చే సుఖమేం కాదు. బండి కింద ఖాళీ తగ్గింది కనుక రాళ్ళ దారిలో నిదానించాలి. అందుకే ముందు తక్కువ ఎత్తు సీటు, మందపాటి అడుగున్న బూట్లు ప్రయత్నించి, చాలకపోతేనే సస్పెన్షన్ జోలికి వెళ్ళాలి. ఇన్సూరెన్సు వాళ్ళకి మార్పు సంగతి ముందే చెప్పాలి.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. వంటగట్టు అందకపోతే పీట వేసుకుంటాం. బస్సులో పై కడ్డీ అందకపోతే సీటు పట్టుకుని వేలాడతాం. కొలత ఎవరిదైనా సర్దుకోవలసింది మనమే అన్నది నరనరానా ఇంకిపోయింది. జాకెట్టు బిగుతైతే దర్జీ కుట్టు విప్పుతాడు గాని, మనల్ని చిక్కమనడు కదా! బండికి మాత్రం ఆ న్యాయం ఎందుకు వర్తించదు? బి.ఎం.డబ్ల్యూ. వంటి కంపెనీలు కొన్ని బళ్ళకి ఫ్యాక్టరీలోనే తగ్గించిన సస్పెన్షన్ ఇస్తున్నాయి. మన జేబుకి అందే బళ్ళకీ అది రావాలి. రావాలంటే షోరూములో మనం నోరు తెరిచి అడగాలి.

మొన్న ఆదివారం అదే కొండ దారిలో దాని వెనకాల కూర్చున్నాను. మలుపులో బస్సుకి దారిస్తూ ఆగింది. పాదం నేలమీద స్థిరంగా ఆనింది. “భయమేసిందా పిన్నీ?” అనడిగింది. లేదన్నాను. నిజంగానే వెయ్యలేదు.